మూరన్నర దూరం

అసూయ మనిషి కళ్ళు మూసేస్తుందని లోకంలో ఒక అభిప్రాయం పాతుకుపోయి ఉంది. కోపం గురించీ, ప్రేమ గురించీ కూడా ఇదే మాట అంటారు కాబట్టి దీనిలో నిజమెంతో తేల్చడం సులభం కాదు. ఒకే నేరాన్ని ముగ్గురి మీద మోపినప్పుడు, ముగ్గురిలో ఒకరైనా నిర్దోషి అయ్యే అవకాశం ఉంటుంది. ఈ విషయంలో సాక్ష్యం చెప్పదగినవాడు ఒకాయన ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఇతరుల కళ్ళు పరీక్షించి అద్దాలు అమర్చడమే ఆయన వృత్తి. మందుల దుకాణానికీ జిరాక్సు దుకాణానికీ మధ్య ఇరుక్కున్న సన్నపాటి దుకాణం ఆయనది. గది పొడవు చాలదు కనుక అక్షరాల పట్టికను కుర్చీ వెనక గోడకు తగిలించి, ఎదురుగోడకు నిలువుటద్దం పెట్టాడు. వచ్చినవాళ్ళు తమ వెనక ఉన్నదాన్ని ముందు చూస్తూ చదువుతారు. ఆ వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అంటారు.

అద్దాలాయనకు ఒక నియమం ఉంది. కుర్చీలో కూర్చున్నవారు ఎవరైనా సరే, ముందు రెండు ప్రశ్నలు అడుగుతాడు. ఏం పని చేస్తారు? ఆ పని కంటికి ఎంత దూరంలో ఉంటుంది? రెండో ప్రశ్నకు జవాబు నోటితో చెబితే నమ్మడు. చొక్కా జేబులోంచి చిన్న టేపు తీసి, పని చేస్తున్నట్టు చేతులు పెట్టమని, కంటి దగ్గర్నుంచి వేలి కొస దాకా కొలుస్తాడు. కళ్ళజోడు చేసేది కంటికి కాదు, పనికి అని ఆయన సిద్ధాంతం.

ఆ వృత్తిలో ఒక అన్యాయం ఉంది. మంచి అద్దానికి గుర్తు, అది ఉన్నట్టు తెలియకపోవడం. అద్దం బాగుందని మెచ్చుకున్నవారు ఇరవై రెండేళ్ళలో ఒక్కరు లేరు. అందరూ ఫ్రేమునే మెచ్చుకుంటారు. తనను మరిపించడమే తన గొప్పతనమైన పనిని చేసేవాడు పొగడ్త ఆశించకూడదని ఆయన ఏనాడో ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆ నిర్ణయం వారంలో ఆరు రోజులు బాగానే నిలబడేది. ఏడో రోజు తోడల్లుడు వచ్చేవాడు.

తోడల్లుడంటే భార్య చెల్లెలి భర్త. ఆయనకంటే తొమ్మిదేళ్ళు చిన్న, లిఫ్టు మెకానిక్. ఇంటికి వస్తే టీ చల్లారేలోగా కుళాయి కారడం ఆపుతాడు, ఫ్యాను మూలుగు మాన్పిస్తాడు. "మరిదిగారి చేతిలో ఏదో ఉందండీ" అంటుంది భార్య, అతను గడప దాటగానే. ఆ మాట విన్న ప్రతిసారీ అద్దాలాయన కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాడు. పైకి మాత్రం "అవును, చురుకైనవాడు" అనేవాడు. చురుకు అన్న మాటలో ఎక్కువ కాలం నిలవదన్న అర్థం కూడా వినిపించేలా అనేవాడు.

ఆయన భార్య ఇంట్లో కూర్చుని, అచ్చుకు వెళ్ళే పుస్తకాల ప్రూఫులు దిద్దుతుంది. ఒక వత్తు జారిపోతే, ఒక సున్నా ఎగిరిపోతే పట్టుకోవడం ఆమె పని. చాలాకాలం కాగితాల మీద ఎర్ర సిరాతో దిద్దింది. నాలుగేళ్ళుగా ప్రెస్సులవాళ్ళు కాగితాలు పంపడం మానేశారు, అంతా కంప్యూటర్ తెర మీదే. ఆ కంప్యూటర్‌కు ముసలితనం వచ్చింది. మీట నొక్కి, బట్టలు ఆరేసి వచ్చినా ఇంకా నిద్ర లేవనట్టే ఉండేది. చివరికి, మీ యంత్రం పాతబడింది కనుక దీనిలోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇకపై మరమ్మతులు పంపబోమని తెర మీద ఒక నోటీసు ప్రత్యక్షమైంది. మర్నాడు మధ్యాహ్నం, ఒక అధ్యాయం నడుమ, అది పూర్తిగా బిగుసుకుపోయింది. ప్రెస్సుకు గడువు దగ్గర పడటంతో ఆమె వాళ్ళ దగ్గర్నుంచే ఫైలు మళ్ళీ తెప్పించుకుని చెల్లెలింటికి వెళ్ళింది.

సాయంత్రం తిరిగొచ్చి, చెప్పులు విడుస్తూనే అంది: "ఒక్క పూటలో నలభై పేజీలు దిద్దానండీ. వాళ్ళ కంప్యూటర్‌లో అక్షరాలు ఎంత హాయిగా ఉన్నాయో. తల నొప్పి లేదు, మెడ నొప్పి లేదు."

అద్దాలాయన చేతిలోని గుడ్డ, తుడుస్తున్న అద్దం మీదే ఆగిపోయింది.

"హాయిగా అంటే?"

"హాయిగా అంటే హాయిగానే. మరిదిగారు పాతదంతా తీసేసి ఏదో కొత్తది వేశారట. లినక్స్ అన్నారు. ఎక్కడెక్కడివాళ్ళో తలా ఒక చెయ్యి వేసి తయారు చేసి, ఎవరు కావాలంటే వాళ్ళకి ఊరికే ఇస్తారట. మన దాన్లో కూడా వేస్తానన్నారు, ఆదివారం కాక పై ఆదివారం."

"అందాకా ఎందుకు? పనిలో ఉన్నవాణ్ణి శ్రమ పెట్టడం. నేనే వేస్తాను."

"మీరా?"

ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. వెటకారమైతే ఆయన తట్టుకునేవాడు.

కుళాయిని తోడల్లుడికి వదిలేశాడు. ఫ్యానూ వదిలేశాడు. కానీ కళ్ళు ఆయన ఇలాకా. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో ఆ రెండు కళ్ళకు ఏది హాయో నిర్ణయించినవాడు తను. ఇప్పుడు లిఫ్టు గుంతల్లో గ్రీజు పూసుకు తిరిగే మనిషి ఒకడు, అద్దం ముట్టుకోకుండా, తన భార్య కళ్ళకు హాయి కలిగించాడు. ఆ రాత్రి అన్నంలో ఉప్పు తక్కువైందన్న సంగతి ఆయన గమనించలేదు. భార్య గమనించింది, ఆయన గమనించలేదన్నది కూడా గమనించింది.

మర్నాటి నుంచి పొద్దున్నే, దుకాణం తెరిచే ముందు, అక్కడున్న పాత కంప్యూటర్ ముందు కూర్చుని, రెండు గంటలు ఆయన ఆ విద్యకు కేటాయించాడు. లినక్స్ అంటే ఒకే వస్తువనుకున్నాడు. తీరా చూస్తే అది ఒక వంశం. మూలపురుషుడు ఒకడే, సంతతి మాత్రం వందల్లో ఉంది. కొన్ని పాత యంత్రాలకు, కొన్ని కొత్తవాటికి, కొన్ని పిల్లలకు, కొన్ని ఎవరి మాటా విననివాళ్ళకు. ప్రతిదానికీ భక్తులున్నారు, ప్రతి భక్తుడూ మిగతావాటిని జాలిగా చూస్తాడు. ఇంత చదివాక ఆయనకు నిరుత్సాహం కలగవలసింది. కానీ ఒక సంగతి పట్టి ఆపింది. ఏ సిస్టమ్‌నైనా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, కంప్యూటర్‌లో ఉన్నదాన్ని కదపకుండా, నడిపి చూడవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేస్తే చాలు, యంత్రం మళ్ళీ ఎప్పటిలా ఉంటుంది.

ఇది ఆయన ఎరిగిన విద్యే. దుకాణంలో ట్రయల్ ఫ్రేము అని ఒకటుంది. గుండ్రటి గాడులున్న వికారమైన కళ్ళజోడు. దానిలో ఒక అద్దం వేసి తీసి, ఇంకొకటి వేసి, "ఇదా, ఇందాకటిదా?" అని అడగడం మీదే ఆయన బతుకు నడిచింది. తోడల్లుడు ఏది దొరికితే అది బిగించి ఉంటాడు. పరీక్షించి ఎంచుకోవడం తన పని. ఇలా అనుకోగానే ఆయనకు రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆకలి వేసింది.

నాలుగు పెన్‌డ్రైవులు తెచ్చి, అద్దాల పెట్టెలకు అంటించే తెల్ల చీటీలు వాటికి అంటించి, ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేశాడు. అంతకు ముందు భార్యను మాటల మధ్య అడిగాడు: "వాళ్ళ దాన్లో తెర మీద బొమ్మేముంది?"

"నీలం మీద తెల్ల పక్షి. ఎందుకు?"

"ఊరికే."

పక్షి ఉన్నది ఏదో వెతికి తెలుసుకుని, దాన్ని మాత్రం తేలేదు.

ఇంటర్నెట్ నుంచి దించుకున్న ప్రతి ఫైలూ మధ్యలో చెడిపోకుండా వచ్చిందో లేదో చూడటానికి, తయారుచేసినవాళ్ళు అక్షరాలూ అంకెలూ కలగలిపి ఒక పొడుగాటి వరస ఇస్తారు. మన దగ్గర వచ్చిన వరస దానితో పొల్లు పోకుండా సరిపోవాలి. ఆ పని భార్యకు అప్పగించాడు. ఆమె స్కేలు పెట్టుకుని అరవై నాలుగు గుర్తులనూ ఒక్కొక్కటే సరిచూసింది.

"ఇంత అర్థంపర్థం లేని రచన ఇంతవరకు దిద్దలేదు," అంది. "అచ్చుతప్పు మాత్రం ఒక్కటి కూడా లేదు. మా రచయితలకి చూపించాలి."

ఒకటో నంబరు చూడముచ్చటగా ఉంది. కిటికీలు తెరుచుకున్నప్పుడు నీటిలో ఆకు కదిలినట్టు కదిలేవి. పాత యంత్రం ఆ సోయగాన్ని మోయలేక రొప్పింది. రెండోది తేలికైనది, రెక్కలు కట్టినట్టు లేచింది, కానీ చూడటానికి సర్కారు ఆఫీసు గోడలా ఉంది, పైగా ఇంట్లో వైఫై ఉన్న సంగతే దానికి తెలియలేదు. నాలుగోది ప్రతి చిన్న విషయానికీ నీ అభిప్రాయమేమిటని అడిగేది. అన్నింటికీ జవాబు చెబితే గానీ గుమ్మంలో అడుగు పెట్టనివ్వదు. దాన్ని ఆయన మనసులో గౌరవించాడు, బల్ల మీంచి తీసేశాడు.

ప్రతిదానిలోనూ ఒకే ప్రూఫు పేజీ తెరిచి భార్యను కూర్చోబెట్టేవాడు.

"ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

"బాగానే ఉంది."

"బాగానే అంటే?"

"బాగానే అంటే బాగానేనండీ."

"చెల్లెలింట్లోలా ఉందా?"

ఆమె కొంచెం ముందుకు వంగి, గడ్డం పైకెత్తి, కళ్ళజోడు కింది అంచులోంచి చూసింది. "అక్కడ వేరే," అంది.

అక్కడ వేరే అన్న రెండు మాటలు పంటి కింద రాయిలా పడ్డాయి. ఆమె గడ్డం పైకెత్తడం ఆయన చూశాడు. ఇతరులలో అయితే ఆ ఒక్క కదలికతో సగం రోగం పోల్చేవాడు. కానీ అప్పుడు ఆయన దృష్టి ఆమె మొహం మీద లేదు, ఆమె తీర్పు మీద ఉంది.

మూడో నంబరులో అక్షరాలు దట్టంగా, నల్లగా ఉన్నాయి. సెట్టింగుల్లోకి వెళ్ళి ఇంకొంచెం నలుపు పెంచాడు. "ఇదా, ఇందాకటిదా?"

"ఇదే. ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది."

ఆ మాట చాలు. తోడల్లుడు వస్తానన్న ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది. ఆయన పాతదాన్ని సమూలంగా చెరిపేసి, మూడో నంబరును కంప్యూటర్‌లో స్థిరంగా వేసేశాడు.

దృష్టి పరీక్షలో ఒక ప్రసిద్ధమైన ఉచ్చు ఉంది. దూరం కనిపించనివాళ్ళకు అవసరానికి మించిన పవర్ ఇస్తే అక్షరాలు చిన్నవై, నల్లబడి, ముచ్చటగా కనిపిస్తాయి. ఇదే బాగుందంటారు. రెండు రోజులకి తలనొప్పితో తిరిగి వస్తారు. అందుకే అద్దాలాయన ఎవరినీ బాగుందా అని అడగడు, "తేటగా ఉందా, నల్లగా ఉందా?" అని అడుగుతాడు. నలుపును స్పష్టతగా పొరబడటం మనుషులకు కళ్ళ విషయంలోనే కాదు, అభిప్రాయాల విషయంలోనూ అలవాటని ఆయన ఒకరిద్దరితో అన్నాడు కూడా. శనివారం మధ్యాహ్నానికి భార్య కణతలు రుద్దుకుంటూ కనిపించింది.

"ఏమైంది?"

"ఏం లేదు. ఎండకి."

ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

ఆదివారం చెల్లెలూ, ఆమె భర్తా వచ్చారు. లిఫ్టుల తోడల్లుడు సరాసరి కంప్యూటర్ దగ్గరికి నడిచాడు.

"అన్నయ్యా, మీరే వేశారా ఇది?" అన్నాడు. "నేను నాలుగుసార్లు చెడగొట్టుకున్నాక గానీ రాలేదు నాకు. మీకు మొదటిసారే వచ్చేసిందే."

మనస్ఫూర్తిగా అన్నాడు. అసూయపడే మనిషికి శత్రువు చెయ్యగల అపకారాల్లో ఇది పెద్దది. చిన్నబుచ్చితే తిరిగి ఒక మాట అనవచ్చు, మెచ్చుకుంటే ఏమనాలి? అద్దాలాయన, "ఏముందిలే తమ్ముడూ, చదివితే వస్తుంది," అన్నాడు.

తోడల్లుడు కుర్చీ లాక్కుని, గోడ దగ్గరున్న మానిటర్‌ను రెండు చేతులా పట్టుకుని బల్ల అంచు దాకా లాగి, అవీ ఇవీ నొక్కి చూశాడు. అయిదు నిమిషాలకి లేచాడు. "వదినా, ఒకసారి చూడండి."

ఆమె కూర్చుంది. పేజీ తెరిచింది. ఆమె భుజాలు దిగడం అద్దాలాయన గుమ్మం దగ్గర్నుంచి చూశాడు.

"అమ్మయ్య. ఇదీ హాయంటే. ఏం చేశారు మరిదిగారూ?"

"ఏం లేదు వదినా. ఒకటి రెండు సెట్టింగులు."

"చూశారా? మరిదిగారి చేతిలో ఏదో ఉంది."

"ఈయన చేతిలో ఉండేది గ్రీజే అక్కా," అంది చెల్లెలు. "మీ ఇంట్లో తువ్వాలు చూడు, తెలుస్తుంది."

అందరూ నవ్వారు. అద్దాలాయన కూడా పెదవులు కదిపాడు. తను పన్నెండు పొద్దులు కూర్చుని సాధించలేనిదాన్ని ఇతను అయిదు నిమిషాల్లో సాధించాడు. అదీ తన ఇంట్లో, తన కుర్చీలో కూర్చుని. వాళ్ళు వెళ్ళాక, బల్ల అంచున వేలాడుతున్నట్టున్న మానిటర్‌ను గోడ దగ్గరికి నెట్టి, దుమ్ము తుడిచాడు. శుభ్రం చెయ్యడమే ఆయన ఉద్దేశం. కొంచెం కసిగా నెట్టి ఉండవచ్చు.

మర్నాడు పొద్దున్నే భార్య అంది: "మళ్ళీ మొదటికొచ్చిందండీ. పొద్దుపోయేదాకా బాగానే ఉండి, తెల్లారేసరికి ఏమైందో."

ఆయన సెట్టింగులన్నీ వెతికాడు. తోడల్లుడు మార్చినవి రెండే. గడియారం పన్నెండు గంటల లెక్కలోకి, మౌస్ బాణం కాస్త పెద్దదిగా. వాటితో అక్షరాలకు ఏ సంబంధమూ లేదు. ఈ మనిషి ఏదో చేశాడు, చేసింది దాచాడు అన్న అనుమానం ఆయన్ని పట్టుకుంది. మూడు రోజులు ఓర్చుకుని, నాలుగో రోజు దుకాణం ఒక పూట మూసేసి, మరదలి కళ్ళజోడుకు మరలు బిగించి ఇచ్చే నెపంతో తోడల్లుడి ఇంటికి వెళ్ళాడు.

తోడల్లుడు ఆ రోజు సెలవులో ఉన్నాడు. "నీ సెట్టింగులు ఒకసారి చూపిస్తావా తమ్ముడూ?" అని ఆయన రెండుసార్లు దగ్గి అడిగాడు.

"అదెంత పని అన్నయ్యా, రండి."

నీలం తెర మీద తెల్ల పక్షి. ఇరుకు బల్ల, మానిటర్ అంచు మీదికి జరిపి ఉంది. తోడల్లుడు తెరకు బాగా దగ్గరగా కూర్చుని, ఒక్కొక్క పట్టికా తెరిచి చూపించాడు. ఏ ఒక్కటీ దాచలేదు. దాచడానికి అక్కడ ఏమీ లేదు. అద్దాలాయన తెర వైపు చూడటం మానేసి, అతని తలకీ తెరకీ మధ్య ఉన్న ఖాళీని చూశాడు. చెయ్యి దానంతట అదే జేబులోకి వెళ్ళింది. టేపు తీసి, అతని కంటి కొస దగ్గర్నుంచి తెర దాకా పట్టాడు.

"ఏంటన్నయ్యా, చొక్కా కుట్టిస్తారా?"

పదిహేడు అంగుళాలు. మూరెడు కూడా లేదు.

ఆ అంకె ఆయనకు బాగా తెలుసు. అయిదేళ్ళ కిందట, కాగితాల ప్రూఫుల కోసం భార్యకు కళ్ళజోడు చేసినప్పుడు చీటీ మీద రాసుకున్న దూరం అదే. తమ ఇంట్లో గోడ దగ్గరున్న తెరకు మూరన్నర ఉంటుంది. దగ్గర చదివే అద్దం ఆ కళ్ళజోడు కింది భాగంలో ఉంటుంది, అది అంత దూరం అందదు. ఆమె గడ్డం పైకెత్తేది అందుకే, మెడ నొప్పి అందుకే. తెరను ముందుకు లాగితే హాయి, వెనక్కి నెట్టితే పాత కథ. నాలుగు సిస్టమ్‌లు మార్చి, నలుపు పెంచి, నిందలు మోపి ఆయన చేసినదంతా తప్పు అద్దం పెట్టుకున్న మనిషికి పుస్తకం మార్చి మార్చి ఇచ్చినట్టయింది. ఎవరు కూర్చున్నా ముందు అడిగే రెండు ప్రశ్నలను ఆయన ఈ నాలుగేళ్ళలో ఒక్క భార్యను మాత్రమే అడగలేదు.

టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. అప్పుడే రెండో సంగతి తట్టింది. ఇతను తెరను ఇంత దగ్గరికి ఎందుకు లాక్కుంటాడు?

"టైమెంతైంది తమ్ముడూ?"

ఎదురుగోడ మీద పళ్ళెమంత గడియారం ఉంది. తోడల్లుడు దాని వైపు చూడలేదు. జేబులోంచి ఫోను తీసి, దగ్గరగా పెట్టుకుని చెప్పాడు: "పదకొండున్నర."

మరదలు టీ కప్పులు బల్ల మీద పెడుతూ అందుకుంది: "గోడ మీద అంత గడియారం పెట్టుకుని ఫోను చూస్తారు బావగారూ. బండి మీద వెళ్తే ఇంకా విడ్డూరం. వెనక కూర్చుని దారి పొడుగునా బోర్డులన్నీ నేను చదివి చెప్పాలి. చదువుకున్న పిల్లే కావాలని పెళ్ళిచూపుల్లో అంత పట్టుబట్టింది ఇందుకేనేమో."

తోడల్లుడు అందరికంటే గట్టిగా నవ్వాడు. అవసరానికి మించి నవ్వాడు. ఆ నవ్వు కూడా అద్దాలాయన కొలుచుకున్నాడు. ఇతనికి దూరం ఆనదు. ఎన్నేళ్ళుగానో ఆనదు. పెళ్ళానికి కూడా తెలియకుండా నెట్టుకొస్తున్నాడు.

ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాట నాలుక చివరికి వచ్చింది. నీ చేతిలో ఏదో ఉన్న సంగతి సరే తమ్ముడూ, నీ కళ్ళల్లో ఏమీ లేదు. ఒక్క వాక్యం. మరదలు అక్కకు చెబుతుంది, అక్క ఇక ఏ ఆదివారమూ ఆ పాత పాట పాడదు. కానీ ఆ వాక్యం ఒంటరిగా బయటికి రాదు. కంటికి ఆనక తెరను దగ్గరికి లాక్కున్నాడంటే, ఆ దగ్గరలోనే వదినకు హాయి దొరికిందంటే, అద్దాలాయన ఇల్లాలు నాలుగేళ్ళుగా తప్పు అద్దాలతో బతికిందన్న మాట కూడా వెంట వస్తుంది. ఆయన నోరు మూసుకున్నాడు. ఇది ఔదార్యం కాదు. టీ తాగి, మరలు బిగించిన కళ్ళజోడు మరదలికిచ్చి, ఇంటికి వచ్చేశాడు.

అసూయకు దీనిలో ఘనత ఏదీ లేదు. అది టేపు తీసింది ఎదుటివాడి గుట్టు కొలవడానికి. అయితే పద్దెనిమిదేళ్ళ అనురాగం ఈ నాలుగేళ్ళలో ఆ టేపును ఒక్కసారైనా తియ్యలేదన్నది కూడా నిజమే. ఎదురుగా ఉన్న మనిషి మనకు తెలుసన్న ధీమా కంటే గట్టి పొర ఏదీ కంటికి పట్టదేమో.

మర్నాడు దుకాణం తెరుస్తూనే భార్యను రమ్మన్నాడు. ఆమె కుర్చీలో కూర్చుంది.

"ఏం పని చేస్తారు?" అని అడిగాడు.

"ఇదేం చోద్యమండీ?"

"చెప్పు."

"ప్రూఫులు దిద్దుతాను."

"కంటికి ఎంత దూరంలో?"

"కాగితమైతే మూరెడు. ఇప్పుడు కాగితాలెక్కడివి, నాలుగేళ్ళై తెర మీదేగా. మూరన్నర ఉంటుందేమో."

"నాలుగేళ్ళ నుంచీ నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదుగా." ముక్కు మీది కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. "మీ ఎదురుగానే కూర్చుని దిద్దుతున్నాను. చూస్తూనే ఉన్నారు. చూస్తున్నవాళ్ళకి చెప్పేదేముంటుందనుకున్నాను."

ఆయన ట్రయల్ ఫ్రేము ఆమె ముక్కు మీద నిలబెట్టి, టేపు సాగదీసి, ఇరవై ఏడు అంగుళాల దగ్గర ఒక ప్రూఫు పేజీ పట్టాడు. అద్దాలు మారుస్తూ, జరిగినదంతా చెప్పాడు. చెల్లెలింట్లో హాయి కంప్యూటర్‌ది కాదు, దూరానిది. తప్పు తనది.

ఆమె చివరిదాకా వింది. తర్వాత ఆ వికారమైన ఫ్రేము ఊగిపోయేలా నవ్వడం మొదలుపెట్టింది.

"అంటే ఇన్నాళ్ళూ, నా చేత అరవై నాలుగు అక్షరాల ప్రూఫు నాలుగుసార్లు దిద్దించి..."

"కదలకు. ఇదా, ఇందాకటిదా?"

"ఇందాకటిది. ఈ సంగతి చెల్లెలికి చెప్పకుండా ఉండటం మాత్రం నా వల్ల కాదండీ."

"చెప్పు," అన్నాడు. ఆ మాట ఆయనకు సులభంగా రాలేదు.

రెండో సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. తన తప్పు ఒప్పుకోవడం ఒక పని. దానికి తోడుగా ఎదుటివాడి లోపాన్ని కూడా పంపడం ఇంకో పని. రెండూ కలిస్తే మొదటిది చెల్లదని ఆయనకు అనిపించింది.

రెండు రోజులకు తోడల్లుడు పని బట్టలతోనే దుకాణానికి వచ్చాడు. గుమ్మంలోంచే మొదలుపెట్టాడు: "ఏం అన్నయ్యా, నా సెట్టింగుల మహిమంతా ఉత్తదేనటగా. తెర లాగితే చాలునట. లిఫ్టుల పని మానేసి తెరలు లాగే పని పెట్టుకుంటాను."

"కూర్చో తమ్ముడూ."

నవ్వుతూనే కూర్చున్నాడు.

"తెరను అంత దగ్గరికి ఎందుకు లాక్కుంటావు?"

నవ్వు ఆగింది. నిలువుటద్దంలో ఇద్దరి మొహాలూ కనిపిస్తున్నాయి. తోడల్లుడు తన మొహం చూసుకోలేదు.

"ఎవరికైనా చెప్పారా?"

"లేదు."

"లిఫ్టు గుంతలో అన్నీ చేతికందే దూరంలోనే ఉంటాయన్నయ్యా. ఎప్పుడూ అవసరం పడలేదు. తర్వాత చెప్పుకోవడానికి సిగ్గయింది."

అద్దాలాయన ఏం పని చేస్తావని అడిగాడు, ఎంత దూరమని అడిగాడు, టేపు పెట్టి కొలిచాడు. ఒక్కో అద్దమే వేసి, తేటగా ఉందా నల్లగా ఉందా అని అడుగుతూ, నలుపు మొదలైన చోట ఒక మెట్టు వెనక్కి వచ్చి ఆపాడు. తర్వాత ఆ ఫ్రేముతోనే అతన్ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాడు. తోడల్లుడు వీధికి అవతల ఉన్న అయిదంతస్తుల మేడ పైకి చూశాడు. 

"ఆ పైన లిఫ్టు గది తలుపు బార్లా తెరిచి ఉందన్నయ్యా," అన్నాడు. "మొన్న తాళం వేసింది నేనే. సరిగ్గా పడలేదన్నమాట."

ట్రయల్ ఫ్రేము తీసి ఆయన చేతిలో పెట్టి, వీధి దాటి తాళం వెయ్యడానికి వెళ్ళాడు.

నాలుగు రోజులకు కళ్ళజోళ్ళు రెండూ తయారయ్యాయి. ఆ పొద్దున అద్దాలాయన మానిటర్‌ను గోడ దగ్గరే ఉంచి, భార్యకు కొత్త కళ్ళజోడు పెట్టి, నాలుగు పెన్‌డ్రైవులూ మళ్ళీ వరసగా చూపించాడు. ఈసారి అయిదోది కూడా ఉంది, పక్షిది.

"ఇదా, ఇందాకటిదా?"

"కళ్ళకి అన్నీ ఒకటేనండీ. అన్నీ బాగానే కనిపిస్తున్నాయి. చేతికి మాత్రం పక్షిదే అలవాటైంది. అక్కడ నలభై పేజీలు దిద్దాను కదా." ఆలోచించి ఇంకో మాట కలిపింది: "పైగా ఆదివారాలు మీరూ మరిదిగారూ ఒకే దాని మీద కీచులాడుకోవచ్చు."

ఆయనకు గుండెలో ఒక పోటు వచ్చింది, పాతదే, పరిచయమైనదే. మూడో నంబరును చెరిపేసి, పక్షి ఉన్నదాన్నే ఇంటి కంప్యూటర్‌లో వేశాడు. ఎవరికీ ఫోను చెయ్యకుండా, ప్రింటరుతో సహా తనే అమర్చాడు. రెండో నంబరును దుకాణంలోని అంతకంటే పాత యంత్రానికి ఉంచుకున్నాడు. అక్కడ అందం చూసేవాళ్ళు లేరు. మిగతావి అద్దాల పెట్టెలో, చీటీలతో సహా ఉన్నాయి. ఆ ఆదివారం తోడల్లుడు కొత్త కళ్ళజోడుతో వచ్చి, వంటింటి ఫ్యాను రెక్క ఒకటి వంగి ఉండటం గుమ్మంలోంచే కనిపెట్టి, సరిచేశాడు. మరిదిగారి చేతిలో ఏదో ఉందని భార్య అంది. అద్దాలాయనకు ఎప్పటిలాగే మండింది. మానిటర్ మాత్రం గోడ దగ్గరే, మూరన్నర దూరంలో ఉంది.